కుంట నీళ్లకు నిలకడ

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి కుంట గట్టు మీద నిలబడితే చేపలకు ఏమైపోతుందోనని ప్రాణం గిలగిలలాడుతుంది. నీళ్లలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతాయి. నిజానికి ఆ టైంలో చేపలకు పెద్దగా ఏమీ కాదు. అవి చచ్చేది తెల్లవారుజామున నాలుగింటికి, ఇల్లంతా మంచి నిద్రలో ఉన్నప్పుడు. లేదా నెల రోజుల ఎండ తర్వాత గాలిదుమారం లేచి, పెద్ద చినుకులు పడి, ఊరంతా హమ్మయ్య అనుకున్న రాత్రి. మన భయం ఒక పూట, ప్రమాదం ఇంకో పూట. ఈ తేడా తెలియకనే చాలామంది మధ్యాహ్నం మోటారు వేసి, రాత్రి బందు చేసి, పొద్దుగాల లేచి తెల్లగా తేలిన బొచ్చెలను చూసి తల పట్టుకుంటారు.

ఆరుబయట కుంటలో నీళ్లను చల్లబరచడం మన చేతిలో అంతగా లేదు. వేడి చప్పున ఎక్కకుండా, చప్పున దిగకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో పనే. ఈ అధ్యాయమంతా దాని గురించే.

ఈ మాటలు పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల రైతును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నవి. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అని విడిపోయాయి, తర్వాత నారాయణపేట కూడా వచ్చింది. ఎండకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. అంతటా అదే చెల్క నేల, అదే రాయి, అదే బోరు. చేపల పెంపకం మీద మనకు దొరికే సలహాలేమో ఎక్కువగా కైకలూరు, భీమవరం నుంచి వచ్చినవి. అక్కడ కాలువ నీళ్లున్నాయి, ఎకరాలకు ఎకరాల చెరువులున్నాయి, గాలిలో సముద్రపు తేమ ఉంది. మనకు నాలుగు గుంటల కుంట, రెండించుల నీళ్లు పోసే బోరు, 44 డిగ్రీల పొడి ఎండ. వాళ్ల పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన దగ్గర కుదరదు.

చేపకు ఎంత వేడి కావాలి?

రవ్వ, బొచ్చె, మ్రిగాల 25 నుంచి 32 డిగ్రీల మధ్య నీళ్లలో బాగా తింటాయి, బాగా పెరుగుతాయి. బంగారు తీగకు ఇంకొంచెం చల్లగా ఉన్నా ఇష్టమే. 34 దాటితే మేత మీద మనసు తగ్గుతుంది. 20 కిందికి దిగినా అంతే. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను మొండిది. నీళ్లలో గాలి చాలకపోతే పైకి వచ్చి మన గాలే మింగుతుంది. అందుకని కొర్రమీను పెంచేవాళ్లకు భయం లేదనుకోవద్దు, పిల్ల దశలో అది కూడా నాజూకే.

ఈ అంకెల కంటే ముఖ్యమైనది ఒకటుంది. 33 డిగ్రీల్లో స్థిరంగా ఉన్న నీళ్లలో చేప సర్దుకుపోతుంది. పొద్దున 27, మధ్యాహ్నం 36, మర్నాడు మళ్లీ 27 అంటే మాత్రం దాని ఒంట్లో సత్తువంతా ఆ సర్దుబాటుకే పోతుంది. మేత దండగ, పెరుగుదల సున్నా, రోగం మాత్రం ముందుకొస్తుంది.

లోతు లెక్క

మనకు కరెంటు యూనిట్లు తెలుసు కనుక ఆ భాషలోనే చూద్దాం. మే నెలలో చదరపు మీటరు నీళ్ల మీద రోజుకు దాదాపు 6 యూనిట్ల కరెంటుకు సమానమైన ఎండ పడుతుంది. ఒక యూనిట్ వేడి వెయ్యి లీటర్ల నీళ్లను 0.86 డిగ్రీ పెంచుతుంది. కుంట మీటరు లోతుంటే, ఆ చదరపు మీటరు కింద ఉన్నవి సరిగ్గా వెయ్యి లీటర్లు. వచ్చిన వేడి ఎటూ పోకుండా అందులోనే ఉండిపోయిందనుకుంటే రోజుకు 5 డిగ్రీలు పెరగాలి. అరమీటరు నీళ్లే ఉంటే 10 డిగ్రీలు. రెండు మీటర్లుంటే రెండున్నర. ఎండ అదే, చేప అదే, లోతు ఒక్కటే మారింది.

కాబట్టి ఏరేటరు, గ్రీన్ నెట్టు, మందుల డబ్బాలు అన్నీ తర్వాతి మాట. తవ్వేటప్పుడే రెండున్నర మీటర్లు తవ్వించి, రోహిణి కార్తెలో కూడా ఒకటిన్నర మీటరు నీళ్లు నిలిచేలా చూసుకోవాలి. ఉపాధి హామీలో తవ్విన కుంటలు చాలావరకు భూమిలోకి నీళ్లు ఇంకడానికని తవ్వినవి. వాన నీళ్లతో కొన్ని నెలలు నిండుతాయి, మాఘం నాటికి మోకాలి లోతుకొస్తాయి. అలాంటి దాంట్లో ఆగస్టులో పిల్ల వేసి సంక్రాంతికల్లా పట్టుకోవచ్చు గానీ ఎండాకాలం దాటిస్తానని పందెం కాయొద్దు.

చెల్క నేలలో గట్టు వాలు నిటారుగా పెడితే మట్టి జారుతుంది. నిలువు ఒక అడుగుకు అడ్డం అడుగున్నర ఇవ్వాలి. అంటే 20 మీటర్ల చదరపు కుంటను రెండున్నర మీటర్లు తవ్వితే అడుగున పన్నెండున్నర మీటర్ల చదరమే మిగులుతుంది. ఈ లెక్క ముందే వేసుకోకపోతే జేసీబీ వచ్చిన రోజు గొడవ. వీలైతే అడుగున ఒక మూలకు ఇంకో మీటరు లోతు గుంత తీయించండి. నీళ్లు తగ్గినప్పుడు చేపలన్నీ అక్కడికే చేరతాయి.

ఇది కొత్త తెలివేమీ కాదు. మన పాత చెరువులు చూడండి. కందూరు చోడుల కాలంనాటి పానగల్లు ఉదయసముద్రం కావచ్చు, మీ ఊరి పెద్దచెరువు కావచ్చు, శిఖం వైపు పళ్లెంలా పలచగా ఉండి కట్ట దగ్గర, తూము ముందర లోతుగా ఉంటుంది. ఎండలు ముదిరినప్పుడు ఆ లోతులోనే చేప ఉంటుందని ముదిరాజులకు, గంగపుత్రులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పూడిక నిండి ఆ లోతు పోయిన చెరువుల్లోనే ఎండాకాలం చేప తేలిపోతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు రైతులు ఒండ్రుమట్టిని చేలకు తోలుకున్నారు. చెరువులో లోతు పెరగడం చేపకు దక్కిన లాభం. దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

వడగాలి మంచే చేస్తుంది

వడగాలి నీళ్లను వేడి చేస్తుందనుకుంటాం. మన దగ్గర జరిగేది ఎక్కువగా దీనికి తలకిందులు. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే మూడింట రెండొంతుల యూనిట్ వేడి కావాలి, ఆ వేడిని అది కుంట నుంచే తీసుకుపోతుంది. మే నెల ఎండలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైతే చదరపు మీటరుకు 8 లీటర్లు, అంటే 5 యూనిట్లకు పైగా వేడి గాల్లోకి పోయినట్టు. ఎండ తెచ్చిన 6 యూనిట్లలో సింహభాగం ఇలా వెనక్కి వెళ్తుంది. ఇంట్లో రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ కిటుకుతోనే. గాలి ఎంత పొడిగా ఉంటే రంజన్ అంత చల్లన. కోస్తాలో ఉక్కపోత కనుక అక్కడి చెరువుకు ఈ వెసులుబాటు తక్కువ. ఎండ విషయంలో మనకు కలిసొచ్చింది ఇదొక్కటే, దాన్ని గోడ కట్టి ఆపుకోవద్దు.

కుంట చుట్టూ టార్పాలిన్ కట్టి వడగాలిని అడ్డుకునేవాళ్లు ఉన్నారు. అది తీసేయండి. పడమటి గట్టు దూరంగా కానుగో వేపో నాలుగు చెట్లుంటే చాలు, మూడు తర్వాత ఏటవాలు ఎండ తగ్గుతుంది, గాలి మాత్రం ఆడుతుంది. చెట్టు గట్టుకు మరీ ఆనుకుని వద్దు. వేళ్లు గట్టును చీలుస్తాయి, ఫాల్గుణంలో రాలిన ఆకంతా నీళ్లలో కుళ్లి ఆ కుళ్లు చేపకు అందాల్సిన గాలిని తినేస్తుంది.

ఆవిరితో చల్లదనం వస్తుంది గానీ నీళ్లు పోతాయి. నాలుగు గుంటల కుంట నుంచి రోజుకు మూడు వేల లీటర్లకు పైనే. ఇక్కడ బోరు పని మొదలవుతుంది.

బోరు, ఐసు

భూమి లోపలి నీళ్ల వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. మన ప్రాంతంలో 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. మే నెలలో అవి చల్లగా, జనవరి పొద్దున వెచ్చగా అనిపించేది అందుకే. ఇంత మంచి సాధనం చేతిలో ఉండగా దిగులేమిటని అడుగుతారు. లెక్క చూడండి. నాలుగు గుంటల కుంటలో సగటున ఒకటిన్నర మీటరు నీళ్లంటే ఆరు లక్షల లీటర్లు. అవి 33 డిగ్రీల్లో ఉన్నప్పుడు 28 డిగ్రీల బోరు నీళ్లు అరవై వేల లీటర్లు కలిపితే మొత్తం మీద తగ్గేది అర డిగ్రీ. దానికోసం రాత్రింబవళ్లు మోటారు నడిపితే బోరు ఎండిపోతుంది తప్ప కుంట చల్లబడదు.

కుంటలో ఐసు దిమ్మెలు వేసే ఆలోచన కూడా ఎవరికో ఒకరికి వస్తుంది. అంత కుంటను ఒక్క డిగ్రీ తగ్గించాలంటే ఐదు టన్నులకు పైనే ఐసు కావాలి. ఆ డబ్బుతో కొత్త కుంట తవ్వించుకోవచ్చు.

బోరును వాడాల్సిన తీరు వేరు. ఆవిరై పోయినంత నీళ్లను ఏ రోజుకారోజు పూడ్చాలి, మట్టం దిగనివ్వకూడదు. వారానికోసారి ఒక్కదెబ్బన నింపడం కంటే రోజూ సాయంత్రం గంటసేపు పోయడం మేలు. నీళ్లు లోతు గుంత ఉన్న మూలకే పడాలి. అప్పుడు కుంటంతా చల్లబడకపోయినా ఆ మూల ఒక చల్లని చోటు తయారవుతుంది, చేప దాన్ని తనే వెతుక్కుంటుంది.

ఇంకో మాట. బోరు నీళ్లలో చేపకు కావలసిన ప్రాణవాయువు దాదాపు ఉండదు. పైపును నేరుగా నీళ్లలో ముంచితే గాలి లేని నీళ్లు గాలి లేని చోటికే చేరతాయి. పైపును మనిషెత్తున కట్టి, నీళ్లు బండల మీద పడి చిందుతూ కుంటలోకి జారేలా పెట్టండి. పాత ప్లాస్టిక్ క్రేటులో కంకర నింపి దాని మీద పడేలా చేసినా సరే. చిందినప్పుడు గాలి కలుస్తుంది, కొంత ఆవిరై నీళ్లు ఇంకా చల్లబడతాయి.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు సాధారణంగా క్షారం ఎక్కువున్న నీళ్లు. అక్కడ పీహెచ్ తప్పకుండా చూసుకోవాలి. చేపల పెంటతో, మిగిలిన మేతతో నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. పీహెచ్ 8.5 ఉన్నప్పుడు అందులో విషంగా మారే వాటా 20 డిగ్రీల్లో 11 శాతం, 30 డిగ్రీల్లో 20 శాతం. అంటే నీళ్లు వేడెక్కడం వల్లనే అదే మురికి రెట్టింపు విషమవుతుంది.

నీడ ఎంత వరకు?

కుంట మొత్తం కప్పొద్దు. ఎండ తగలకపోతే నీళ్లలో పచ్చదనం పుట్టదు, ఆ పచ్చదనమే బొచ్చెకు తిండి, పగటిపూట నీళ్లకు గాలి. మూడోవంతు కప్పితే చాలు, అదీ లోతు ఉన్న వైపు. 75 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్టును మూడోవంతు మీద పరిస్తే పడే ఎండలో పావు వంతు తగ్గుతుంది. నెట్టును జీఐ తీగల మీద పరిచి మూడు వైపులా గట్టిగా, నాలుగో వైపు సుతిలితో వదులుగా కట్టాలి. గాలిదుమారానికి ఆ సుతిలి తెగితే నెట్టు జెండాలా ఎగురుతుంది గానీ చినగదు. నాలుగు వైపులా బిగిస్తే స్తంభాలతో సహా పక్క చేనులో వెతుక్కోవాలి.

నా మట్టుకు నాకు తాటికమ్మల పందిరి ఎక్కువ ఇష్టం. నల్గొండ పల్లెల్లో తాటికమ్మకు కొదవ లేదు, కింద వేడి గాలి నిలవదు, రెండేళ్లు ఆగుతుంది. గట్టు మీద సొర, బీర నాటి పందిరి మీదికి పాకిస్తే కూర కూడా వస్తుంది. కానీ ఆ తీగలకు పురుగుమందు కొట్టాలనిపించిన రోజు చేపలు గుర్తుకు రావాలి. చాలా మందులు మనిషికి తలనొప్పి తెప్పించే లోపే చేపను చంపుతాయి.

గుర్రపు డెక్కను నీడ కోసమని తెచ్చి వేయొద్దు. నెలలో కుంటంతా కమ్మేస్తుంది, నీళ్లను తాగేస్తుంది, తీయడానికి కూలీల ఖర్చు మీద పడుతుంది.

సీసా, సుతిలి

కుంట వేడి తెలియాలంటే చెయ్యి పెట్టి చూస్తే చాలదు. చేతికి తగిలేది పై జానెడు నీళ్లే. అంగట్లో దొరికే స్పిరిట్ థర్మామీటరు ఒకటి కొనండి, పాదరసంది వద్దు, పగిలితే విషం. లీటరు ప్లాస్టిక్ సీసా మెడకు తాడు కట్టండి, అడుగుకు రెండు కిలోల రాయి కట్టండి. మూతికి బెండు బిరడా, బిరడాకు వేరే సుతిలి. సీసాను నేల తగిలేదాకా దింపి సుతిలిని గుంజితే బిరడా ఊడి బుడబుడమని బుడగలొస్తాయి. అవి ఆగాయంటే అడుగు నీళ్లతో సీసా నిండినట్టే. పైకి లాగి, నీడన పెట్టి, వెంటనే థర్మామీటరు ముంచి అర నిమిషం ఆగి చూడండి. అదే సీసాను మూతి దగ్గర వాసన చూడండి. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే కింద గాలి అయిపోయిందన్నమాట.

రోజూ పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, పైన ఒకసారి, అడుగున ఒకసారి. నాలుగు అంకెలు. ఫోనులో కాదు, గోడకు వేలాడే క్యాలెండరు మీద ఆ తేదీ గడిలోనే రాయండి, ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. మీరు లేని రోజు పిల్లలైనా, ఇంటామె అయినా చూసి రాస్తారు. నెల తిరిగేసరికి మీ కుంట స్వభావం మీకు తెలుస్తుంది. ఏ అధికారీ, ఏ పుస్తకమూ దాన్ని మీకు చెప్పలేదు.

మధ్యాహ్నం పైకీ కిందికీ తేడా రెండు డిగ్రీల లోపుంటే దిగులు లేదు. నాలుగైదు డిగ్రీలుంటే కుంట రెండు అంతస్తులుగా విడిపోయిందని అర్థం. పైన వేడి, తేలిక నీళ్లు. కింద చల్లని, బరువైన నీళ్లు. రెండూ కలవవు కనుక కింద చల్లదనం ఉన్నా గాలి అందదు. అలాంటి చల్లదనం చేపకు పనికిరాదు. అందుకే మార్చి నుంచే రోజూ ఎండ బాగా ఉన్నప్పుడు, పన్నెండు నుంచి రెండు దాకా ఏరేటరు తిప్పాలి. పైన పచ్చదనం తయారుచేసిన గాలి కిందికి దిగుతుంది. అడుగు కాస్త వేడెక్కుతుంది, నిజమే. రెండు మీటర్ల లోపు కుంటలో గాలి ఉన్న 32 డిగ్రీలు, గాలి లేని 28 కంటే మేలు. ఏరేటరు కొనే స్తోమత లేకపోతే కుంట నీళ్లనే చిన్న మోటారుతో తోడి గట్టు మీంచి చిమ్మించండి. ఇన్నాళ్లూ కలపని కుంటలో మాత్రం ఒక్కసారిగా గిర్రున తిప్పొద్దు. అడుగున పేరుకున్న విషమంతా పైకొస్తుంది. రోజుకు పావుగంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

తెల్లవారుజాము

25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును పట్టి ఉంచుతాయి. 35 డిగ్రీల్లో 7 కూడా పట్టవు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇందులో ఇంకో ఇరవయ్యో వంతు కోత. అదే సమయంలో నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కితే చేపకు కావలసిన గాలి రెట్టింపు దాకా పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు అది. పగలు పచ్చదనం గాలి ఇస్తుంది, రాత్రి ఆ పచ్చదనమే గాలి పీల్చుకుంటుంది. అందరూ పీల్చి పీల్చి తెల్లవారుజాముకు అడుగంటుతుంది.

కాబట్టి ఏరేటరు మధ్యాహ్నం రెండు గంటలు కలపడానికి, రాత్రి రెండు నుంచి తెల్లారి ఆరు దాకా బతికించడానికి. టైమరు స్విచ్చి పెట్టుకోండి, నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. చేపలు మూతులు పైకి పెట్టి గాలి మింగుతున్నాయంటే మొదట కనిపించేది బొచ్చె, తర్వాత రవ్వ. ఆ రోజు మేత బంద్.

పచ్చదనం ఎంత ఉందో చూడ్డానికి చెయ్యి మోచేతి దాకా ముంచండి. వేళ్లు మసకగా కనిపిస్తే సరిగ్గా ఉంది. మణికట్టు దగ్గరే కనిపించకుండా పోతే పచ్చదనం ముదిరింది. అలాంటి చిక్కటి నీళ్ల పైపొర ఎండను మొత్తం తనే పట్టుకుని మరీ వేడెక్కుతుంది, రాత్రికి గాలిని కూడా ఎక్కువ తినేస్తుంది. పేడ వేయడం ఆపి, కొంత నీళ్లు చేనుకు పారించి కొత్త నీళ్లు పెట్టండి. ఆ పచ్చనీళ్లు వంకాయ తోటకు ఎరువే.

ఎండాకాలం తవుడు, పల్లిచెక్క పొద్దున ఎనిమిది తర్వాతే వేయాలి. అప్పటికి నీళ్లలో గాలి పుంజుకుంటుంది. మధ్యాహ్నం నీళ్లు 34 దాటిన రోజుల్లో మేత సగానికి తగ్గించండి. బక్కచిక్కుతాయని దిగులొద్దు, తిననిది అడుగున కుళ్లడం కంటే నయం.

రోహిణి నుంచి మిరుగు దాకా

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, మన మిరుగు. ఆ రోజు చేప కూర లేని ఇల్లు తెలంగాణలో తక్కువ. హైదరాబాద్‌లో చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో వేల మంది బారులు తీరతారు, కొర్రమీను పిల్లలకు గిరాకీ లేస్తుంది. ఏడాదంతటిలో మంచి ధర పలికే ఆ ఒక్క రోజుకు ముందు పదిహేను రోజులే ఏడాదంతటిలో కష్టమైన ఎండ. రైతు చేపనంతా మిరుగుకే ఆపుకుంటాడు, కుంటలో నీళ్లు తగ్గిపోతాయి, పెరిగిన చేప బరువు మాత్రం ఎక్కువై ఉంటుంది. నిండు సొమ్ము నాలుగు రోజుల ముందు పోయేది ఇక్కడే.

ఆశను కొంచెం పంచుకోవాలి. ఉగాదికే సగం పట్టి అమ్మేయండి. మిగిలిన సగానికి నీళ్లు సరిపోతాయి, గాలి సరిపోతుంది, మిరుగు ధరా దక్కుతుంది. మొత్తం ఆపుకున్నవాడి కంటే ఇతనే ఎక్కువ ఏళ్లు చేపలు పెంచుతాడు.

ఆ పదిహేను రోజుల్లో సాయంత్రం పూట ఈశాన్యాన మబ్బు ముసిరి గాలిదుమారం లేచిందంటే లేచి కుంట దగ్గరికి వెళ్లండి. చల్లని వాన నీళ్లు బరువెక్కి అడుగుకు దిగుతాయి, అడుగున నెలలుగా ఊరిన గాలిలేని నీళ్లను పైకి తోస్తాయి. రాళ్లవాన అయితే మరీనూ. గంటలో మూడు నాలుగు డిగ్రీలు పడిపోవచ్చు. మరుసటి పగలు మబ్బుగా ఉంటే పచ్చదనం కూడా గాలి ఇవ్వదు. వాన మొదలవగానే ఏరేటరు వేసి తెల్లారేదాకా ఆపొద్దు. గాలివానకు కరెంటు పోవడం మామూలే, అందుకని డీజిల్ ఇంజనో జనరేటరో పక్కింటివాళ్లదైనా ముందే మాట్లాడి ఉంచుకోవాలి. ఆక్సిజన్ గోళీల ప్యాకెట్టు ఒకటి ఇంట్లో ఉంటే మంచిదే, అది గంట రెండు గంటల ఊరట. చేల నుంచి వచ్చే మొదటి వరదను కుంటలోకి రానివ్వకుండా పక్క కాలువతో తప్పించండి. అందులో మట్టి, యూరియా, మందులు అన్నీ ఉంటాయి.

పిల్లలు వేసే పూట

వానాకాలంలో చేపపిల్లలు చాలాచోట్లకు లారీల్లో రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. పాలిథిన్ సంచుల్లో నీళ్ల వేడి వేరు, కుంట వేడి వేరు. ఆత్రంగా సంచి విప్పి గుమ్మరిస్తే సగం పిల్ల మూడు రోజుల్లో మాయమవుతుంది, తేలవు కనుక మనకు తెలియను కూడా తెలియదు. సంచులను మూతి విప్పకుండా అరగంట కుంట నీళ్లలో తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి, కుంట నీళ్లు దోసిలి దోసిలిగా పావుగంట పాటు కలపండి. సంచిని వంచి పట్టుకుంటే పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ పోతాయి. పొద్దున ఏడు లోపు గానీ, పొద్దుగూకే వేళ గానీ. మట్ట మధ్యాహ్నం లారీ వస్తే సంచులను చెట్టుకింద ఉంచి సాయంత్రం దాకా ఆగడమే మంచిది, లారీవాడు ఎంత తొందరపెట్టినా.

నల్ల షీటు, సిమెంటు తొట్టి

చెల్కలో నీళ్లు నిలవవు కనుక చాలామంది నల్ల షీటు పరుస్తున్నారు. నీళ్లకు పైన కనిపించే షీటు మే ఎండలో కాలు మోపలేనంత కాలుతుంది, ఆ వేడి అంచుల నుంచి నీళ్లలోకి దిగుతుంది. మట్టం నిండుగా ఉంచితే ఆ పట్టీ బయట పడదు. పడిన చోట గోనెసంచుల్లో మట్టి నింపి పరచండి. అడుగున జానెడు ఒండ్రుమట్టి వేస్తే షీటుకు రక్ష, నీళ్లకు నిలకడ.

ఇంటి ముందు సిమెంటు తొట్టిలో రంగు చేపలు పెంచుకునేవాళ్లకు పైన చెప్పిన లోతు లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది. రెండడుగుల తొట్టి మేడ మీద పెడితే అది ఉడికే గిన్నె. నేలలో సగం పూడ్చండి, బయట సున్నం కొట్టండి, తడి గోనెపట్టా చుట్టండి, మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టండి. పైపు నీళ్లు నేరుగా పట్టొద్దు, ట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు 40 దాటి ఉంటాయి.

చలి

మనకు చలికాలం చిన్నదని అలుసు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గాలి 12, 13 డిగ్రీలకు దిగితే లోతులేని కుంట నీళ్లు 20 దాకా వస్తాయి. చేపల ఒంటి మీద ఎర్రమచ్చలు లేచి పుండ్లు పడే జబ్బు 18 నుంచి 22 డిగ్రీల నీళ్లలోనే విజృంభిస్తుంది. 1988లో ఈశాన్య రాష్ట్రాల మీదుగా మన దేశంలోకి వచ్చిన ఈ జబ్బు కొన్నేళ్లలో దక్షిణానికి దిగింది. దీపావళి తర్వాత, చలి ముదిరే లోపే ఎకరాకు 80 కిలోల చొప్పున సున్నం నీళ్లలో కలిపి, చల్లారాక చల్లండి. పీహెచ్ 8.5 దాటిన కుంటకు మాత్రం సున్నం వద్దు. పుండ్లు కనిపిస్తే భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫా తయారుచేసిన సిఫాక్స్ మందు ఉంది. పెబ్బేరు మత్స్య కళాశాల వాళ్లకో, కంపసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్లకో ఫోటో పంపి అడిగి వాడండి.

చలికాలం బోరు మోటారు వేళ మారుతుంది. తెల్లవారుజామున, నీళ్లు అన్నిటికంటే చల్లగా ఉన్నప్పుడు, 28 డిగ్రీల బోరు నీళ్లను లోతు మూలకు పోయండి. గ్రీన్ నెట్టు తీసి మడిచి పెట్టండి, పగటి ఎండ పూర్తిగా పడనివ్వండి. మేత పదకొండు తర్వాత వేసి, నీళ్లు 20కి తగ్గిన రోజుల్లో నాలుగో వంతుకు దించండి. ఈ రెండు నెలలు వల వేసి చేపలను చూసుకోవాలనే సరదా కూడా వద్దు. వల రాపిడికి పొలుసు ఊడిన చోటే పుండు మొదలవుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. అప్పటి నుంచి మేతను ఒక వారం పది రోజుల్లో మెల్లగా పూర్తి మోతాదుకు తేవాలి. బోర్లు ఇంకా బాగా పోస్తుండగానే, మార్చి సగానికల్లా కుంటను అంచు దాకా నింపి పెట్టుకోండి. ఏప్రిల్‌లో అటు తోటకూ ఇటు కుంటకూ అదే బోరు చాలదు.